పుల్‌మన్‌లో ఒక శనివారం

స్పోకేన్ విమానాశ్రయంలో దిగి దక్షిణంగా డెబ్బయి అయిదు మైళ్ళు కారులో పోతే పుల్‌మన్ వస్తుంది. దారి పొడుగునా కొండలే. కొండలంటే మన మహేంద్రగిరి వంటి రాతికొండలు కావు. ఏ మంచుయుగంలోనో గాలులు మోసుకువచ్చి పోసిన మెత్తని మట్టి తిన్నెలు. కొన్నిచోట్ల రెండు వందల అడుగులు తవ్వినా రాయి తగలదట. ఆ తిన్నెలమీద గట్టు అన్నది లేకుండా, చూపు ఆనినంత మేర గోధుమ పొలాలు. నేను వెళ్ళినది 2024 నవంబరు కావడంచేత కొన్ని చేలలో కోసిన మోళ్ళు, కొన్నిటిలో అప్పుడే మొలకెత్తిన పచ్చదనం కనిపించాయి. ఈ ప్రాంతాన్ని పలూస్ అంటారు. వాషింగ్టన్ రాష్ట్రానికి ఇది తూర్పు అంచు.

"మావయ్యా, గోధుమ కాక ఇక్కడ ఇంకేం పండిస్తారో చెప్పుకో చూద్దాం" అన్నది కారు నడుపుతున్న మా మేనకోడలు.

చెప్పలేకపోయాను.

"మసూరు పప్పు, కాబూలీ శనగలు."

బరంపురంలో మా ఇంట వారానికి నాలుగు రోజులు ఉడికే మసూరు పప్పు భూగోళానికి అవతలి వైపు ఇలా కొండలెక్కి పండుతుందని నాకు తెలియదు. పుల్‌మన్‌లో ఏటా ఆగస్టులో దానికొక ఉత్సవం కూడ జరుపుతారట. మా మేనకోడలి భర్త అక్కడి విశ్వవిద్యాలయంలో పప్పుధాన్యాల మీదనే పరిశోధన చేస్తున్నాడు. ఆమె ఊరిలోని ఒక హోటలులో లెక్కలు చూస్తున్నది. వాళ్ళను చూడడానికే నేను వెళ్ళాను. ఆటలంటే నాకు మొదటినుంచీ ఆసక్తి లేదు. అయినా ఆ రెండు వారాలలో నేను విన్నదంతా ఒక ఆట సంగతే.

పుల్‌మన్ చేరకముందు కోల్‌ఫాక్స్ అనే చిన్న ఊరు తగిలింది. జనాభా మూడు వేలు లేదు. అయినా విట్‌మన్ కౌంటీకి, అనగా ఆ జిల్లాకు, అదే ముఖ్యపట్టణం. జిల్లా కోర్టు అక్కడే ఉన్నది.

"ఈ కోర్టులోనే మా కాలేజీ వ్యాజ్యం గెలిచింది" అన్నది మేనకోడలు, కారు నెమ్మది చేసి.

ఆస్తి తగాదా కాబోలు అనుకున్నాను. ఆస్తి తగాదాయే. కాని ఆ ఆస్తి పొలమూ కాదు, పుట్రా కాదు.

పుల్‌మన్‌కు ప్రాణం విశ్వవిద్యాలయం. 1890లో వ్యవసాయ కళాశాలగా పుట్టి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీగా పెరిగింది. సియాటిల్ మహానగరంలో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ వేరు, ఇది వేరు. ఈ తేడా చదువరులు దయచేసి మనసులో పెట్టుకోవాలి. అక్కడివారి ముందు పొరపాటున ఒకటి అనబోయి ఇంకొకటి అంటే పెళ్ళివారింట్లో వియ్యపురాలి పేరు తప్పు పలికినంత పని అవుతుంది. నేను అన్నాను గనుక నాకు తెలుసు.

2020 జనాభా లెక్కల ప్రకారం పుల్‌మన్‌లో 32,901 మంది ఉన్నారు. విశ్వవిద్యాలయం నడిబొడ్డున ఉన్న మార్టిన్ స్టేడియంలో 32,952 మంది కూర్చోవచ్చు. ఊళ్ళో పసిపాపలతో సహా అందరూ వెళ్ళి కూర్చున్నా ఇంకా యాభయి ఒక్క చోటు మిగులుతుందన్నమాట. ఇంత చిన్న ఊరికి అంత స్టేడియం ఎందుకని అడిగితే, తమ పాత కాన్ఫరెన్సులో అన్నిటికన్న చిన్నది తమదేనని వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

ఫుట్‌బాలు అంటే మన కాలిబంతి అనుకోకండి. అమెరికా ఫుట్‌బాలులో రెండు కొసలూ సన్నగా ఉండే తోలుబంతిని చేత పట్టుకొని పరుగెత్తుతారు, లేదా విసురుతారు. అవతలివాళ్ళు వచ్చి మీద పడి కూలదోస్తారు. తలకు శిరస్త్రాణం, భుజాలకు దిండ్లు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు జరగాలి. నాకు అర్థమయినది ఇంతవరకే. ఆడేది కాలేజీ కుర్రాళ్ళే అయినా లక్షల మంది చూస్తారు, కోట్ల డాలర్లు చేతులు మారుతాయి. ఏ కాలేజీ ఎవరితో ఆడాలన్నది కాన్ఫరెన్సు నిర్ణయిస్తుంది. కాన్ఫరెన్సు అంటే సభ కాదు, కాలేజీల కూటమి. ఏటా తమలో తాము ఆడుకుంటారు, టెలివిజన్ కంపెనీలతో బేరం కలిసి చేస్తారు, వచ్చినది పంచుకుంటారు. ఇచ్చిపుచ్చుకొనే నాలుగు కుటుంబాల కట్టు వంటిది. ఏ కట్టులో ఉన్నావన్నదానిని బట్టే నీ పరువు.

పుల్‌మన్‌కు ఆ పరువు వందేళ్ళ నాటిది. 1915 డిసెంబరులో పోర్ట్‌లండ్‌లో నాలుగు కాలేజీలు కూడి పసిఫిక్ కోస్టు కాన్ఫరెన్సు పెట్టుకున్నవి. సరిగ్గా నెల తిరగకుండా, 1916 జనవరి 1న, కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ ఆటలో పుల్‌మన్ కుర్రాళ్ళు తూర్పుతీరపు బ్రౌన్ యూనివర్సిటీని 14-0తో ఓడించారు. 1917లో పుల్‌మన్‌ను కూటమిలో చేర్చుకున్నారు. తరువాత స్టాన్‌ఫర్డ్, లాస్ ఏంజిల్స్‌లోని రెండు పెద్ద కాలేజీలు వచ్చినవి. పొలాల మధ్య ఊరు మహానగరాల పంక్తిలో కూర్చున్నది. మధ్యలో ఒక్కసారి విస్తరి లేచింది. ఆటగాళ్ళకు దొంగచాటుగా డబ్బు ఇస్తున్నారని 1956లో గొడవలు రేగి, 1959లో ఆ కూటమి రద్దయింది. పెద్దవాళ్ళు వెంటనే కొత్త కూటమి కట్టుకున్నారు. పుల్‌మన్‌ను 1962లో గాని పిలవలేదు. ఆ కూటమే పెరిగి 1978లో పాక్-10, 2011లో పాక్-12 అయింది.

ఇక టెలివిజన్ సంగతి. 1984 దాకా కాలేజీ ఆటల ప్రసారాలు ఎన్ని, ఎవరివి అన్నది ఎన్.సి.ఎ.ఎ. అనే దేశవ్యాప్త సంఘం చేతిలో ఉండేది. ఓక్లహామా, జార్జియా విశ్వవిద్యాలయాలు దానిమీద దావా వేస్తే, ఆ ఏడు సుప్రీంకోర్టు ఆ గుత్తాధిపత్యం చెల్లదని తీర్పు చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఇద్దరు విభేదించారు. వారిలో ఒకరైన బైరన్ వైట్ కుర్రతనంలో కొలరాడో కాలేజీకి పేరుమోసిన ఫుట్‌బాలు ఆటగాడు. ఆట లోపలినుంచి చూసినవాడు గనుక ఏదో పసిగట్టి ఉంటాడు. ఆనాటినుంచి ఎవరి బేరం వారిది. 2011లో పాక్-12 వారు పన్నెండేళ్ళకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకొని, అందరికీ సమాన వాటాలు పెట్టుకున్నారు. లాస్ ఏంజిల్స్‌కు ఎంతో పుల్‌మన్‌కూ అంతే. ఆ ధైర్యంతో ఇక్కడ స్టేడియానికి కొత్త హంగులు వచ్చినవి, ఆటగాళ్ళకు పెద్ద భవనం లేచింది. అప్పు చేసే కట్టారు.

సమాన వాటా అన్నది పేదవానికి పండుగ, ధనికునికి కంటిలో నలుసు. 2022 జూన్ 30న లాస్ ఏంజిల్స్ కాలేజీలు రెండూ, మిగిలినవారితో మాటయినా అనకుండా, తూర్పున ఉన్న బిగ్ టెన్ కూటమికి పోతున్నట్లు ప్రకటించినవి. ఆ ఏడే బిగ్ టెన్ వారు ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు మించిన టెలివిజన్ ఒప్పందం చేసుకున్నారు. 2023 జూలై 27న కొలరాడో లేచింది. మిగిలిన తొమ్మిది మందీ ఆపిల్ కంపెనీ ఇవ్వజూపిన ఒప్పందం పట్టుకొని కిందా మీదా పడుతున్నారు. ఆగస్టు 4, శుక్రవారం. ఆ ఉదయం అందరూ సంతకాలు పెడతారని పుల్‌మన్‌లో ఆశ. సాయంత్రానికి అయిదుగురు వెళ్ళిపోయారు. ఆరెగన్, సియాటిల్‌లోని వాషింగ్టన్ బిగ్ టెన్‌కు పోయినవి. ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు పోయినవి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కాలిఫోర్నియాలు అట్లాంటిక్ కోస్టు కాన్ఫరెన్సులో చేరినవి. పసిఫిక్ ఒడ్డున కూర్చొని అట్లాంటిక్ కోస్టు ఎలా అవుతారో నాకు తెలియదు. భూగోళశాస్త్రం వాళ్ళను అడగాలి.

పన్నెండుమందిలో ఇద్దరు మిగిలారు. ఒకటి పుల్‌మన్, రెండవది ఆరెగన్ స్టేట్ ఉన్న కోర్వాలిస్. రెండూ ఒకప్పటి వ్యవసాయ కళాశాలలే.

"ఆ రోజు హోటలులో ఎవ్వరూ మాట్లాడలేదు మావయ్యా" అన్నది మేనకోడలు. "మాకు ఏడాదిలో ఆరేడు శనివారాలే పంట. ఆ డబ్బుతోనే చలికాలం గడుస్తుంది. ఇకమీదట ఎవరొస్తారు, ఎక్కడినుంచి వస్తారు అని మా మేనేజరు క్యాలెండరు ముందు పెట్టుకొని కూర్చున్నాడు."

ఇది విన్నప్పుడు నాకు మా తాతగారు చెప్పే మాట ఒకటి జ్ఞాపకం వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా బరంపురం అటు చేరింది. మా తాతగారు ఇల్లు కదలలేదు, అరుగు కదలలేదు. తెల్లవారేసరికి రాష్ట్రం మారిపోయింది. బళ్ళారిలోనో హొసూరులోనో ఈ పత్రిక చదివే పెద్దలకు వేరే విప్పి చెప్పనక్కరలేదు. అయితే అక్కడ గీత గీసినవారు ఎవరో మనకు తెలుసు. ఇక్కడ ఎవరూ గీత గీయలేదు. ఒక్కొక్కరే లేచి చెయ్యి కడుక్కొని వెళ్ళిపోయారు.

కోల్‌ఫాక్స్ వ్యాజ్యం దీని తరువాతి సంగతి. వెళ్ళేవాళ్ళు 2024 ఆగస్టు దాకా కూటమిలోనే ఉంటారు గనుక, పదిమందీ కలిసి ఓటు వేసి ఉన్న సొమ్మంతా పంచేసుకుంటే మిగిలిన ఇద్దరికీ ఖాళీ పెట్టె దక్కుతుంది. అందుచేత ఆ ఇద్దరూ 2023 సెప్టెంబరులో విట్‌మన్ కౌంటీ కోర్టుకు ఎక్కారు. కూటమి నిబంధనలలో ఒకటి ఉన్నది. వెళ్ళిపోతున్నానని నోటీసు ఇచ్చినవానికి ఆనాటినుంచి బోర్డులో చోటు లేదు. ఇంతకుముందు లాస్ ఏంజిల్స్ వాళ్ళను, కొలరాడోను ఈ పదిమందిలోని మిగతావాళ్ళే ఆ నిబంధన చూపి బోర్డునుంచి తప్పించారు. తమ వంతు వచ్చేసరికి నిబంధనకు వేరే అర్థం చెప్పారు. న్యాయమూర్తి గారీ లిబీ ఒప్పుకోలేదు. నవంబరు 14న పెత్తనం ఇద్దరికీ అప్పగించారు. డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడ ఆ ఉత్తర్వులో జోక్యం చేసుకోలేదు. చివరికి రాజీ కుదిరి, వెళ్ళిన పదిమందీ తలకు 65 లక్షల డాలర్లు వదులుకున్నారు. మూడు వేల జనాభా లేని ఊరి కోర్టులో దేశంలోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల వకీళ్ళు వరుసగా నిలబడ్డ సంగతి పుల్‌మన్ మంగలి దుకాణంలో నాకు చేతులు తిప్పి మరీ చెప్పారు. క్షవరం సగంలో ఆగిపోయింది.

నవంబరు 9వ తేదీ శనివారం. పుల్‌మన్‌కు, యూటా స్టేట్‌కు ఆట. మా అల్లుడుగారి పనిమీద పొలాలు ఇచ్చే రైతు ఒకాయన తన పక్క సీటు ఖాళీగా ఉన్నదని నన్ను తీసుకువెళ్ళాడు. డెబ్బయి దాటినవాడు, గోధుమ, మసూరు పండిస్తాడు. పొద్దుటినుంచే ఊరంతా ఎరుపు, బూడిదరంగు బట్టలు. కూగర్ అనే కొండపులి వారి గుర్తు. దారిన పోయే ప్రతివాడూ "గో కూగ్స్" అంటాడు. మనం నమస్కారం అన్నట్టే. నేను కూడ అనడం నేర్చుకున్నాను. చలికి చేతి తొడుగులు రెండు జతలు వేసుకున్నాను. బ్యాండు మేళం, కేకలు, పొగలు కక్కే కాఫీ.

"మీ దేశంవాళ్ళు మా శనగమీద, మసూరుమీద 2019లో సుంకం వేసి 2023లో తీశారు" అన్నాడు రైతు నవ్వుతూ, పరిచయంగా. నేను ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాను. "ఫరవాలేదు. పప్పుకు ఇంకో బేరగాడు దొరుకుతాడు" అన్నాడు.

నేను కూర్చున్న సీటు ఆయన కూతురిది. వాళ్ళ నాన్న కాలంనుంచి అవే రెండు సీట్లు. కూతురు సియాటిల్‌లో ఉంటుంది. పుల్‌మన్‌కు, సియాటిల్ వాషింగ్టన్‌కు మధ్య 1900 నుంచి సాగుతున్న పోటీ ఒకటి ఉన్నది. దానిని ఆపిల్ కప్ అంటారు. చాలా ఏళ్ళుగా నవంబరు చివర, అక్కడి థాంక్స్‌గివింగ్ పండుగ వారంలో ఆడుతూ వచ్చారు. ఒక ఏడు సియాటిల్‌లో, ఒక ఏడు పుల్‌మన్‌లో. పుల్‌మన్ వంతు వచ్చిన ఏడు కూతురు పండుగకు వచ్చి, ఆట చూసి వెళ్ళేది. ఆ వారం మా మేనకోడలి హోటలులో మెట్లకింద మంచం వేసినా అద్దెకు పోయేదట. కూటములు వేరయ్యాక ఆ పోటీని నిలపడమే కష్టమైంది. అయిదేళ్ళకు ఒప్పందం చేసుకొని సెప్టెంబరుకు మార్చారు. 2024లో వరుస ప్రకారం పుల్‌మన్ వంతు. ఆట సియాటిల్‌లోనే పెట్టారు. పుల్‌మన్ 24-19తో గెలిచింది. చివర్లో అవతలివాళ్ళను గీత ముందరే ఆపేశారు.

"గెలిచారుగా" అన్నాను.

"గెలిచాం. పండుగకు మాత్రం పిల్ల రాదు" అన్నాడాయన. కాసేపాగి, "ఈ రెండు టిక్కెట్లూ వచ్చే ఏడు తీసుకోవాలా అని ఆలోచిస్తున్నాను" అన్నాడు.

ఆట పుల్‌మన్ వాళ్ళే గెలిచారు, 49-28. అప్పటికి ఆ ఏడు ఎనిమిది గెలుపులు, ఒక్క ఓటమి. స్టేడియం ఊగిపోయింది. ఒకచోట ఎర్రజెండా ఎగురుతుంటే దాని కథ చెప్పాడాయన. దేశమంతా చూసే శనివారం ఉదయపు ఫుట్‌బాలు కార్యక్రమం ఒకటి ఉన్నది. వారం వారం ఒక కాలేజీ ముంగిట దానిని నడుపుతారు. 2003 అక్టోబరు నుంచి, అది ఏ ఊళ్ళో జరిగినా సరే, ఎవరో ఒక పుల్‌మన్ పూర్వవిద్యార్థి ఈ జెండా పట్టుకొని వెనకాల ఊపుతూ నిలబడతాడు. ఒక్క వారం తప్పలేదు. పెద్ద ఊరి పెళ్ళిలో పిలవకపోయినా వెళ్ళి అక్షింతలు వేసి వచ్చే బంధువులాగా అనిపించి నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఇక యూటా స్టేట్ సంగతి. ఆ రోజు వాళ్ళు అతిథులు. కాని సెప్టెంబరులోనే సంబంధం ఖాయమైంది. కూటమి అన్న తరువాత కనీసం ఎనిమిది జట్లు ఉండాలని ఎన్.సి.ఎ.ఎ. నిబంధన. రెండేళ్ళు గడువు ఇచ్చారు. ఆ మధ్యకాలంలో ఆడడానికి ఎవరూ లేక, 2024కు పుల్‌మన్, కోర్వాలిస్ కలిసి మౌంటెన్ వెస్ట్ అనే పొరుగు కూటమికి 1 కోటి 40 లక్షల డాలర్లు ఇచ్చి చెరి ఆరు ఆటలు కొనుక్కున్నారు. ఇచ్చేవాళ్ళు తెలివిగలవాళ్ళు. మా ఇంట్లోవాళ్ళను లాక్కుపోతే మొదటివానికి కోటి డాలర్లు, ఆపైన ఒక్కొక్కరికి అయిదు లక్షలు ఎక్కువ చొప్పున చెల్లించాలని రాయించుకున్నారు. అనుకున్నంతా అయింది. 2024 సెప్టెంబరు 12న ఆ ఇంటినుంచే బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, సాన్ డియేగో స్టేట్ పాక్-12కు వస్తున్నట్లు ప్రకటించారు. ఆ నెలలోనే యూటా స్టేట్ కూడ. అయిదుగురికి లెక్కవేస్తే 5 కోట్ల 50 లక్షల డాలర్లు. ఆ షరతు చట్టవిరుద్ధమని పాక్-12 వాళ్ళు ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు.

నాకు ఇది మింగుడుపడలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నాను. "కోల్‌ఫాక్స్‌లో న్యాయం అడిగినవాళ్ళు, ఏడాది తిరగకుండా, అన్నం పెట్టిన పొరుగింటి వాసాలు ఊడబీకి తమ ఇల్లు కప్పుకున్నారు."

మేనకోడలు పళ్ళెం కింద పెట్టింది. "నీకేం మావయ్యా, ఎన్నయినా చెబుతావు. ఇద్దరే మిగిలి, ఎనిమిదిమంది కాకపోతే ఆ పేరే పోతుంది. పేరు పోతే ఆటగాళ్ళు రారు, ఆటగాళ్ళు లేకపోతే జనం రారు. మా హోటలులో పనిచేసేవాళ్ళలో సగంమంది విద్యార్థులే. వాళ్ళకు ఏమని చెప్పమంటావు?"

అల్లుడుగారు మధ్యస్థంగా, "మౌంటెన్ వెస్ట్ వాళ్ళు మాత్రం ఊరుకున్నారా? వాళ్ళు కిందివాళ్ళ దగ్గరకు పోయారు" అన్నారు. నిజమే. ఆ తరువాత వాళ్ళు టెక్సస్‌లోని ఎల్ పాసో కాలేజీని ఒక చిన్న కూటమినుంచి తెచ్చుకున్నారు. ఫుట్‌బాలు వరకు నార్తర్న్ ఇల్లినాయ్‌ను కూడ. నాకు జవాబు దొరకలేదు. అమ్మాయి అన్నదానికి ఇప్పటికీ దొరకలేదు.

మరునాడు అల్లుడుగారు నన్ను మాస్కో తీసుకువెళ్ళారు. రష్యా మాస్కో కాదు. పుల్‌మన్‌కు తూర్పున ఎనిమిది మైళ్ళలో రాష్ట్ర సరిహద్దు దాటితే ఐడహో రాష్ట్రంలో మాస్కో అనే ఊరు. అక్కడ 1889లో పుట్టిన ఐడహో యూనివర్సిటీ ఉన్నది. రెండు ఊళ్ళకూ మధ్య పాత రైలుదారిని తీసి నడకదారి వేశారు. 1998లో తెరిచారట. పక్కనే వాగు, అటూ ఇటూ గోధుమ తిన్నెలు. ఏడు మైళ్ళు నడుద్దామని ఉత్సాహపడి మూడు మైళ్ళు నడిచాను. తరువాత మేనకోడలికి కబురు పెట్టి కారు తెప్పించుకున్నాము.

ఈ మాస్కోను చూడకపోతే పుల్‌మన్ కథ నాకు సగమే అర్థమయ్యేది. పసిఫిక్ కోస్టు కూటమిలో 1922 నుంచి 1959 దాకా ఐడహో కూడ సభ్యురాలే. రెండు ఊళ్ళ మధ్య ఆట 1894లోనే మొదలయింది. 1938 నుంచి 1968 దాకా ఒక ఆచారం ఉండేది. ఓడిన కాలేజీ విద్యార్థులు గెలిచినవాళ్ళ ఊరికి నడిచి వెళ్ళాలి. గెలిచినవాళ్ళు వాళ్ళను తమ బళ్ళలో తిరిగి ఇంటి దగ్గర దిగబెట్టాలి. ఓడినవాణ్ణి ఇంటికి చేర్చే బాధ్యత గెలిచినవానిదని పెట్టుకున్న ఆ కుర్రాళ్ళెవరో గాని నాకు వాళ్ళమీద గౌరవం కలిగింది.

1959లో కూటమి చెదిరినప్పుడు పుల్‌మన్‌ను మూడేళ్ళకు వెనక్కి పిలిచారు. ఐడహోను పిలవలేదు. పుల్‌మన్ పంక్తిలో కూర్చొని భోంచేస్తుంటే ఎనిమిది మైళ్ళలో మాస్కో వీధిలో నిలబడింది. అటు తరువాత ఐడహో తిరగని గడప లేదు. 1960 దశకంలో బిగ్ స్కై అనే చిన్న కూటమిలో చేరింది. 1996లో పెద్ద శ్రేణికి ఎగబాకి ఒక కూటమి, 2001లో ఇంకొకటి, 2005లో మరొకటి. 2013లో ఒంటరి. 2014లో దక్షిణాదిన ఉన్న సన్ బెల్ట్. గోధుమపొలాల కుర్రాళ్ళు జార్జియాకూ లూసియానాకూ విమానాలమీద పోయి ఆడారు. 2016లో ఆ కూటమివాళ్ళు ఇక మీరు వద్దన్నారు. 2018లో ఐడహో తనంతట తాను కింది శ్రేణికి దిగి పాత బిగ్ స్కైకి వచ్చింది. పైనుంచి అలా దిగినవాళ్ళలో అదే మొదటిది. అప్పుడు ఎంతమందో తిట్టారట. మేము వెళ్ళినది ఆదివారం గనుక వాళ్ళ కిబ్బీ డోమ్ మూసి ఉన్నది. పదహారు వేలమంది పట్టే కప్పు ఉన్న స్టేడియం. ధాన్యపు కొట్టులా గుండ్రటి వీపు. కావలి మనిషి మమ్మల్ని అద్దంలోంచి చూడనిచ్చి, "ఇప్పుడు మోంటానా వాళ్ళు కారులో వచ్చి ఆడిపోతారు. మాకు అది బాగుంది" అన్నాడు. 2022, 2023, 2024 మూడేళ్ళూ వరుసగా తమ శ్రేణిలో చివరి పోటీలకు ఎంపికయ్యారు.

కాని కింద ఉన్నంత మాత్రాన ఎవరూ వదిలిపెట్టరు. నేను తిరిగి వచ్చిన నెలలోనే జరిగింది చూడండి. పుల్‌మన్ జట్టు ఆ తరువాత నాలుగు ఆటలూ ఓడింది. మొనగాడు జాన్ మటీర్ ఓక్లహామాకు వెళ్ళిపోయాడు. 2021 నుంచి ఆటగాళ్ళు ఏడాది నష్టపోకుండా కాలేజీ మారవచ్చు, పేరు మీద డబ్బు తీసుకోవచ్చు. 1956లో ఏ నేరానికి కూటమి కూలిందో అదే ఇప్పుడు బహిరంగ బేరం. శిక్షకుడు జేక్ డికర్ట్ వేక్ ఫారెస్ట్‌కు పోయాడు. పుల్‌మన్ వాళ్ళు సౌత్ డకోటా స్టేట్ అనే కింది శ్రేణి కాలేజీనుంచి జిమ్మీ రోజర్స్‌ను తెచ్చుకుంటే, పదిమందికి పైగా అక్కడి ఆటగాళ్ళు ఆయన వెంట వచ్చేశారు. యూటా స్టేట్ వాళ్ళు న్యూ మెక్సికో శిక్షకుణ్ణి తీసుకున్నారు, న్యూ మెక్సికో వాళ్ళు మన మాస్కో శిక్షకుణ్ణి తీసుకున్నారు. రోజర్స్ కూడ పుల్‌మన్‌లో ఒక్క ఏడే ఉండి 2025 డిసెంబరులో అయోవా స్టేట్‌కు వెళ్ళిపోయాడు.

2025 జూన్‌లో ఇంకో వార్త వచ్చింది. కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా, ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఇవ్వవచ్చునని కోర్టు రాజీ కుదిరింది. అదే నెలలో పుల్‌మన్ వాళ్ళు తమ పరుగుపందాల శాఖను ముఖ్యంగా దూరపు పరుగులకు మళ్ళించారు. దూకుళ్ళు, విసుర్లు పోయినవి, పొట్టి పరుగులను, హర్డిల్సును బాగా తగ్గించారు. 1978లో కెన్యానుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న హెన్రీ రోనో 81 రోజులలో నాలుగు ప్రపంచ రికార్డులు సాధించాడు. ఆ ఊరికి ప్రపంచఖ్యాతి తెచ్చినది ఆ పరుగుపందాలు. ఫుట్‌బాలును నిలబెట్టడానికి వాటిలో ఎక్కువభాగం తీసేశారు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్న కష్టమనిపించినది ఇదే. దీనిగురించి ఎవరూ కోర్టుకు వెళ్ళలేదు.

కొత్త పాక్-12కు ముహూర్తం 2026 జూలై 1 అని పెట్టుకున్నారు. టెక్సస్ స్టేట్ వచ్చి ఎనిమిది జట్లు పూర్తయినవి. స్పోకేన్‌లోని గొంజాగా కూడ చేరింది. అక్కడ అసలు ఫుట్‌బాలు జట్టే లేదు, బాస్కెట్‌బాలు కోసం తీసుకున్నారు.

వచ్చేటప్పుడు మేనకోడలు నా పెట్టెలో రెండు జున్ను డబ్బాలు పెట్టింది. విశ్వవిద్యాలయంవాళ్ళే రెండవ ప్రపంచయుద్ధ కాలంనుంచి రేకుడబ్బాలలో వేసి అమ్మే జున్ను. ఒకటి బరంపురంలో మా వీధంతా తిన్నారు.

2025 ఆగస్టు 30న పుల్‌మన్‌లో ఐడహోతో ఆట జరిగింది. ఆ మరునాడు అమ్మాయి ఫోను చేసింది. పెద్దశ్రేణి పుల్‌మన్ కింది శ్రేణి మాస్కోమీద 13-10తో, చివరి నిమిషాలలో, ప్రాణం అరచేత పెట్టుకొని గెలిచిందట. హోటలు నిండలేదట. ఎనిమిది మైళ్ళవాళ్ళకు గది ఎందుకు? రైతుగారు రెండు టిక్కెట్లూ తీసుకున్నాడట. కూతురు సీటులో మాస్కోనుంచి వచ్చిన పాత స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకున్నాడు.

"ఆట అయ్యాక ఆయన్ను ఎవరు దిగబెట్టారే?" అని అడిగాను.

"ఇంకెవరు, రైతుగారే" అన్నది.